విటమిన్ డి తక్కువుంది సరే, కీళ్ల నొప్పి అందుకేనా?

క్లుప్తంగా

దక్షిణ తెలంగాణలో రక్తంలో విటమిన్ డి తక్కువగా ఉండటం మామూలే, కీళ్ల నొప్పులూ మామూలే. రెండూ ఒకే మనిషిలో కనిపించినంత మాత్రాన ఒకటి ఇంకోదానికి కారణమని చెప్పలేం. జన్యువులు విటమిన్ డి స్థాయిని కొంత మారుస్తాయి గానీ, ఆ మార్పు కీళ్లవాతం దాకా వెళ్తుందనడానికి ఆధారాలు బలహీనం. డి లోటుతో నేరుగా వచ్చే ఎముకల నొప్పి వేరే ఉంది, అది మందుతో తగ్గుతుంది కూడా. నల్లగొండ జిల్లాలో అయితే వీటన్నిటికంటే ముందు అడగాల్సింది చిన్నప్పుడు తాగిన నీళ్ల గురించి.

‘అందుకే’ అన్న మాట దగ్గర చిక్కు

మోకాళ్ల నొప్పులతో నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లినవాళ్లు చాలామంది మూడు కాగితాలతో బయటికి వస్తారు. ఒకటి ఎక్స్‌రే, ఒకటి మందుల చీటీ, ఇంకోటి రక్తపరీక్ష రిపోర్టు. రిపోర్టులో ‘25 హైడ్రాక్సీ విటమిన్ డి’ అన్న వరుసలో 14 అనో 17 అనో అంకె (మిల్లీలీటరుకు నానోగ్రాముల్లో), దాని పక్కన ‘తక్కువ’ అని బొద్దు అక్షరాలు. చీటీలో వారానికి ఒకటి చొప్పున 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్లు. ఇంటికి వచ్చాక ఎవరడిగినా చెప్పే మాట ఒకటే: ‘డి విటమిన్ తక్కువుందట, అందుకే బొక్కలు నొస్తున్నయట’.

దీనికి తోడు ఆన్‌లైన్‌లో ఉమ్మి శాంపిల్ పంపితే చేసే జన్యుపరీక్షలు వచ్చాయి. వాటిలో ‘మీ విటమిన్ డి జన్యువు’, ‘కీళ్లవాతం రిస్క్’ అనే వరుసలు పక్కపక్కనే ఉంటే, చదివేవాళ్లు రెంటినీ ముడిపెట్టుకోవడం సహజం. వంశంలో ఉంది కాబట్టి చేయగలిగిందేమీ లేదని కొందరు, ప్యాకెట్లు తాగితే వంశపు జబ్బు కూడా ఆగుతుందని కొందరు అనుకుంటారు. రెండూ తొందరపాటు అంచనాలే.

ఇంత ఎండలో లోటేంటి?

నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ ఇంచుమించు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉన్నాయి. యూరప్ ఉత్తర దేశాల్లో చలికాలం నెలల తరబడి చర్మంలో విటమిన్ డి తయారుకాదు. ఇక్కడ ఆ ఇబ్బంది లేదు. అయితే విటమిన్ తయారీకి కావాల్సింది ఎండలోని వేడి కాదు, 290 నుంచి 315 నానోమీటర్ల మధ్య ఉండే అతినీలలోహిత బి కిరణాలు. సూర్యుడు వాలుగా ఉన్నప్పుడు అవి చాలావరకు పైన గాలిపొరల్లోనే ఆగిపోతాయి. మన నీడ మనకంటే పొట్టిగా పడే వేళల్లోనే బాగా కిందికి చేరతాయి. ‘పొద్దున లేత ఎండలో కూర్చోండి’ అనే సలహా హాయిగా ఉంటుంది గానీ డి తయారీకి పెద్దగా అక్కరకు రాదు. కిటికీ అద్దం వెనక కూర్చుంటే అసలే రాదు, గాజు ఆ కిరణాలను ఆపేస్తుంది. చర్మంలోని మెలనిన్ కూడా వాటిని అడ్డుకుంటుంది కాబట్టి నల్లని ఒంటికి తెల్లని ఒంటికంటే కొన్ని రెట్లు ఎక్కువ సేపు ఎండ కావాలి.

ఊరంతా ఎండే ఉన్నా అది ఎవరి ఒంటికి ఎంత తగులుతోందన్నది వేరే సంగతి. పత్తి ఏరే ఆడమనిషిని చూడండి. చీర మీద మగవాళ్ల ఫుల్ హ్యాండ్స్ చొక్కా, చెవులు మూసుకునేలా తలకు టవలు. పొద్దుగూకేదాకా చేన్లోనే ఉన్నా ఎండ తాకేది సగం ముఖానికి, అరచేతుల వెనక కాస్త జాగాకు. పోచంపల్లిలోనో నారాయణపేటలోనో గుంట మగ్గంలోకి కాళ్లు దించి కూర్చున్న నేతకారుడికి ఆ మాత్రం కూడా ఉండదు, మళ్లీ లేచేది అన్నానికే. ఈ ఇద్దరి రిపోర్టుల్లో ఒకే అంకె రావచ్చు. దానికి జన్యువుల దాకా వెళ్లాల్సిన పనిలేదు.

ఎండ తర్వాత లెక్కలోకి రావాల్సింది తిండి. తిరుపతి ప్రాంతంలో ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మీద చేసి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, తిండిలో కాల్షియం తక్కువగా, ధాన్యాల్లోని ఫైటేట్లు ఎక్కువగా, రక్తంలో విటమిన్ డి తక్కువగా ఉన్నట్టు కలిసే కనిపించింది. ఈ మూడింటి మధ్యా లంకె ఉంది. ఫైటేట్లు పేగులో కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. కాల్షియం చాలకపోతే గొంతు దగ్గరి పారాథైరాయిడ్ గ్రంథులు హార్మోన్ పెంచుతాయి. ఆ హార్మోన్ నిల్వలో ఉన్న విటమిన్ డిని క్రియాశీల రూపంలోకి మార్పిస్తుంది, నిల్వ త్వరగా ఖర్చయిపోతుంది. అంటే పాలు, పెరుగు తక్కువగా ఉండి జొన్నరొట్టె, పచ్చడితో గడిచే ఇంట్లో ఎండ సరిపోయినా డి నిలవదు. ప్యాకెట్ తాగి కాల్షియం సంగతి వదిలేస్తే ఆరు నెలలకు అంకె మళ్లీ పడిపోవడానికి ఇదొక కారణం. జొన్న చెడ్డదని దీనర్థం కాదు. పక్కన పెరుగో, నువ్వులో, ఆకుకూరో ఉండాలి. రాగుల్లో అయితే వంద గ్రాములకు 350 మిల్లీగ్రాముల దరిదాపుల్లో కాల్షియం ఉంటుంది.

జన్యువులు ఎక్కడ చేయి పెడతాయి

చర్మంలో పుట్టిన విటమిన్ డి పని మొదలుపెట్టేలోపు చాలా చేతులు మారుతుంది. చెరువు నీళ్లు ఇంటి నల్లా దాకా వచ్చినట్టు ప్రతి మజిలీకి ఒక కాపలాదారు. చర్మంలో ముడిసరుకైన 7-డీహైడ్రోకొలెస్ట్రాల్ ఎంత మిగలాలో డీహెచ్‌సీఆర్7 అనే జన్యువు తేలుస్తుంది, ఎందుకంటే అదే ముడిసరుకును అది కొలెస్ట్రాల్‌గా మార్చేస్తుంది. కాలేయంలో మొదటి మార్పు సీవైపీ2ఆర్1 చేతిలో. రక్తంలో మోసుకెళ్లే ప్రోటీన్‌ను జీసీ అనే జన్యువు తయారుచేయిస్తుంది. మూత్రపిండాల్లో చివరి రూపానికి సీవైపీ27బీ1, పని అయ్యాక విరగ్గొట్టడానికి సీవైపీ24ఏ1. కణంలోపల ఆ హార్మోన్‌ను అందుకునే గ్రాహకం వీడీఆర్, దాని జన్యువు 12వ క్రోమోజోమ్ మీద ఉంది.

యూరప్ మూలాలున్న దాదాపు 34,000 మంది జన్యువులను జల్లెడ పట్టి 2010లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో డి స్థాయితో గట్టిగా ముడిపడినవి మొదటి మూడు: జీసీ, డీహెచ్‌సీఆర్7, సీవైపీ2ఆర్1. ఆ పై వరుసలో వీడీఆర్ లేదు. ఇందులో వింతేమీ లేదు. వీడీఆర్ సరుకు అందుకునేదే తప్ప సరఫరా చేసేది కాదు. అయినా మార్కెట్లో ‘విటమిన్ డి జన్యువు’ అని ఎక్కువగా వినిపించే పేరు దానిదే.

జీసీ విషయంలో ఇంకో మెలిక ఉంది. మోసే ప్రోటీన్ తక్కువగా ఉన్నవాళ్లకు రక్తంలో మొత్తం డి తక్కువగానే కనిపిస్తుంది, ప్రోటీన్‌కు అంటుకోకుండా తిరిగే భాగం మాత్రం పక్కవాళ్లతో సమానంగా ఉండొచ్చు. ల్యాబ్ కొలిచేది మొత్తాన్ని. అందువల్ల ఇద్దరికీ 15 వచ్చినా ఇద్దరి లోటూ ఒకటే అనుకోనక్కర్లేదు.

మొత్తం మీద మనిషికీ మనిషికీ మధ్య డి స్థాయిలో ఉండే తేడాలో, అప్పుడు గుర్తించిన ఈ సాధారణ జన్యు తేడాలు వివరించగలిగింది కొద్ది శాతమే. ఎండ, బట్టలు, ఒంటి బరువు, తిండి వాటికంటే పెద్ద చేతులు.

మేనరికాల ప్రసక్తి ఇక్కడ తరచూ వస్తుంది. వీడీఆర్ పూర్తిగా చెడిపోయే అరుదైన మార్పు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తే, పసితనంలోనే ఎముకలు మెత్తబడి వంగిపోయే, మందుకు లొంగని రికెట్స్ వస్తుంది. దగ్గరి పెళ్లిళ్లలో అలాంటి జబ్బుల అవకాశం పెరుగుతుంది. యాభై ఏళ్ల మనిషి మోకాలి నొప్పికి ఆ లెక్క అతకదు.

ఒక జన్యువు మీద పెట్టుకున్న ఆశ

వీడీఆర్‌కు అంత పేరు ఎందుకొచ్చిందో తెలియాలంటే 1994కు వెళ్లాలి. ఆ ఏడాది ఆస్ట్రేలియా పరిశోధకులు నేచర్ పత్రికలో ఒక సంచలనమైన లెక్క ప్రచురించారు. ఎముకల సాంద్రత మీద జన్యువుల ప్రభావంలో ముప్పావు వంతు దాకా ఈ ఒక్క వీడీఆర్ తేడాలదే అన్నారు. అప్పట్లో ఒక జన్యువులోని నాలుగైదు చోట్లను చదవడమే పెద్ద పని. ఆ చోట్లకు వాటిని కోసే ఎంజైముల పేర్లే పెట్టారు: ఫోక్‌1, బీఎస్‌ఎం1, ఏపీఏ1, టాక్‌1. ప్రపంచమంతటా ల్యాబులు వీటి వెంట పడ్డాయి.

1997లో ఆ బృందమే సవరణ వేసుకుంది. కవలల శాంపిళ్లు కొన్నింటిలో జన్యురకం గుర్తించడంలో తప్పు దొర్లిందని, ప్రభావం ముందు చెప్పినంత లేదని ఒప్పుకుంది. చివరికి 2006లో యూరప్ బృందాలు కలిసి 26,000 మందికి పైగా పరీక్షిస్తే ఆ నాలుగు చోట్లకూ ఎముక సాంద్రతతో గానీ, ఎముకలు విరగడంతో గానీ సంబంధం కనిపించలేదు. పన్నెండేళ్ల హడావుడి అలా చల్లబడింది.

కీళ్లవాతంలోనూ దాదాపు ఇదే కథ. మోకాలి గుజ్జు అరుగుదలకు వీడీఆర్‌తో లంకె ఉందని 1997లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ నుంచి ఒక పరిశీలన వచ్చింది. కానీ వీడీఆర్ పక్కనే, అదే క్రోమోజోమ్ మీద కాల్2ఏ1 అనే జన్యువు కూర్చుని ఉంది. మన వాడుకలో గుజ్జు అనే మృదులాస్థికి ముఖ్యమైన కొల్లాజెన్‌ను తయారుచేయించేది అదే. ఒక ఇంటి గోడ పగిలితే పక్కింటి తలుపు కూడా కదులుతుంది, దూరం నుంచి చూసేవాళ్లకు ఏది కదిలిందో తేల్చడం కష్టం. రక్షణ వ్యవస్థ దాడితో వచ్చే రుమటాయిడ్ కీళ్లవాతం విషయంలో ఫోక్‌1, బీఎస్‌ఎం1 మీద వచ్చిన చిన్న అధ్యయనాలు దేశానికో మాట చెప్పాయి. ఒకచోట సంబంధం ఉంది, ఇంకోచోట లేదు.

ఫోక్‌1ను మాత్రం కొట్టిపారేయలేం. మిగతా మూడూ ప్రోటీన్‌ను మార్చవు, ఇదొక్కటి మారుస్తుంది. ఒక రకంలో గ్రాహకం 427 అమైనో ఆమ్లాల పొడవు, ఇంకో రకంలో 424. పొట్టిది కాస్త చురుకైనది. చురుకులో ఆ తేడా కీలు దాకా వెళ్లి జబ్బుగా మారుతుందా అంటే, జబ్బు రిస్క్ చెప్పగలిగినంత పెద్ద తేడా ఇప్పటిదాకా తేలలేదు.

ఏ కీళ్లవాతం?

కీళ్లవాతం అని ఒకే పేరు పెట్టుకున్నా ఇవి వేర్వేరు జబ్బులు. గుజ్జు అరుగుదల వయసుతో, బరువుతో, మోకాళ్ల మీద పడే పనితో వచ్చేది. మెట్లెక్కితే నొప్పి, కాసేపు కూర్చుని లేస్తే పట్టేసినట్టుంటుంది, నాలుగడుగులు వేస్తే వదులుతుంది. రుమటాయిడ్ అలా కాదు. శరీరపు రక్షణ వ్యవస్థే కీళ్ల పొర మీద దాడి చేస్తుంది. రెండు చేతుల వేళ్ల కణుపులు, మణికట్లు వాస్తాయి. పొద్దున లేవగానే గిన్నె పట్టుకోవడానికి గంట సేపు చేతులు రావు. ఇది నూటికి ఒకరిలోపే వస్తుంది, ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ.

రుమటాయిడ్‌లో జన్యువుల వాటా నిజంగానే పెద్దది. కవలల మీద చేసిన అధ్యయనాల్లో 60 శాతం దాకా తేలింది. కానీ అందులో అన్నిటికంటే పెద్ద వాటా హెచ్‌ఎల్ఏ-డీఆర్‌బీ1 అనే రక్షణ వ్యవస్థ జన్యువుది, వీడీఆర్‌ది కాదు. ఆ జన్యురకం ఉన్నవాళ్లు పొగ తాగితే రిస్క్ ఎన్నో రెట్లు పెరుగుతుందని స్వీడన్ పరిశోధనలు చూపించాయి. కుటుంబంలో రుమటాయిడ్ ఉన్నవాళ్లు డి ప్యాకెట్టుకంటే ముందు ఆలోచించాల్సింది సిగరెట్టు గురించి.

మరి విటమిన్ డికి ఇందులో పాత్రే లేదా? ఉందనుకోవడానికి కారణాలున్నాయి. రక్షణ కణాల మీద వీడీఆర్ గ్రాహకాలున్నాయి. ల్యాబ్‌లో విటమిన్ డి వాపును పెంచే కణాలను తగ్గించి, అదుపు చేసే కణాలను ప్రోత్సహిస్తుంది. అమెరికాలోని అయోవాలో 29,000 మందికి పైగా మహిళలను పదకొండేళ్లు గమనిస్తే, విటమిన్ డి ఎక్కువగా తీసుకున్నవాళ్లలో రుమటాయిడ్ మూడో వంతు తక్కువగా వచ్చినట్టు 2004లో తేలింది. నాలుగేళ్లకు అమెరికా నర్సుల మీద జరిగిన, అంతకంటే చాలా పెద్దదైన అధ్యయనంలో ఆ సంబంధం కనిపించలేదు.

ఇలాంటి చోటే జన్యువులు నిజంగా అక్కరకొస్తాయి. మనిషి రిస్క్ చెప్పడానికి కాదు, కారణమేదో పర్యవసానమేదో విడదీయడానికి. నొప్పి ఉన్నవాళ్లు ఇంట్లోనే ఉంటారు, ఎండ తగలదు, డి తగ్గుతుంది. ఒంట్లో వాపు కూడా రక్తంలో డి అంకెను కిందికి లాగుతుంది. అందువల్ల రోగుల్లో డి తక్కువ అని చూపిస్తే ఏదీ తేలదు. కానీ జీసీ, సీవైపీ2ఆర్1లలో డిని తగ్గించే రకాలు పుట్టుకతోనే చీటీ తీసినట్టు వస్తాయి, నొప్పి వచ్చిందని అవి మారవు. తక్కువ డి నిజంగా జబ్బుకు కారణమైతే ఆ రకాలున్నవాళ్లకు జబ్బు ఎక్కువ రావాలి. నరాల జబ్బు మల్టిపుల్ స్క్లీరోసిస్‌లో ఈ పద్ధతి అవునని తేల్చింది. రుమటాయిడ్‌లో అలాంటి లంకె బయటపడలేదు.

మందు ఇచ్చి చూసిన ప్రయోగాల్లో పెద్దది అమెరికాలో జరిగిన వైటల్. 25,871 మందిలో సగం మందికి రోజుకు 2,000 యూనిట్ల డి, మిగతా సగానికి ఉత్త గోళీలు ఇచ్చారు. అయిదేళ్లకు పైగా గమనించాక రక్షణ వ్యవస్థ దారితప్పి వచ్చే జబ్బులన్నీ కలిపి 22 శాతం తగ్గాయని 2022లో ప్రకటించారు. ఈ వార్తే ‘డి తింటే కీళ్లవాతం రాదు’ అని రూపు మార్చుకుని వాట్సాప్‌లో తిరిగింది. 22 శాతం అన్నది చాలా జబ్బుల మొత్తం. రుమటాయిడ్‌ను విడిగా చూస్తే కేసులు తక్కువ, తీర్పు చెప్పడానికి చాలవు. పైగా అందులో చేరినవాళ్ల సగటు డి మొదట్లోనే 30 దగ్గర ఉంది. మగ్గం గుంటలో కూర్చుని 12తో ఉన్న మనిషికి అదే ఫలితం వర్తిస్తుందో లేదో ఆ ప్రయోగం చెప్పదు, ఎక్కువ లాభం ఉన్నా ఉండొచ్చు.

అరుగుదలలో అంత సందిగ్ధం లేదు. మోకాలి అరుగుదలతో పాటు డి కూడా తక్కువున్న 413 మందికి ఆస్ట్రేలియాలో రెండేళ్లు నెలకు 50,000 యూనిట్లు ఇచ్చి చూస్తే, ఉత్త గోళీలు తిన్నవాళ్లకంటే గుజ్జు నష్టం గానీ నొప్పి గానీ చెప్పుకోదగ్గంత తగ్గలేదని 2016లో తేలింది.

ప్యాకెట్ పనిచేసే నొప్పి

ఇంతా విని డి దండగ అనుకుంటే అది ఇంకో పొరపాటు. డి బాగా పడిపోయినప్పుడు ఎముకల్లోకి ఖనిజం సరిగా చేరక అవి మెత్తబడతాయి. ఆస్టియోమలేసియా అంటారు. ఇందులో నొప్పి కీలులో కాదు, తొడ, తుంటి, పక్కటెముకల్లో. కిందకూర్చుంటే నేలకు చేయి ఆనించకుండా లేవలేరు, నడక బాతులా ఊగుతుంది. రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ పెరుగుతుంది. దీన్ని కీళ్లవాతం అనుకుని ఏళ్ల తరబడి నొప్పి గోళీలు మింగేవాళ్లు ఉంటారు. డి, కాల్షియం సరిగా ఇస్తే కొన్ని నెలల్లో లేచి తిరుగుతారు. ‘డి తాగినంక నా నొప్పులన్నీ పోయినయ్’ అని ఊళ్లో ఎవరైనా చెబితే అబద్ధం కాకపోవచ్చు. ఆమెకున్నది ఇదై ఉంటుంది.

డి కొవ్వులో నిల్వ ఉండేది, ఎక్కువైతే సులభంగా బయటికి పోదు. పెద్దలకు రోజుకు కావాల్సింది 600 యూనిట్లని, 4,000 దాటకూడదని భారత వైద్య పరిశోధనా మండలి 2020లో చెప్పింది. వారానికోసారి వేసే ప్యాకెట్టు లోటును పూడ్చడానికి కొద్ది వారాల కోర్సు, ఏడాదంతా తాగే పాలపొడి కాదు. ఒకరు రాసిన చీటీ మీద ప్యాకెట్లు తాగుతూ, ఇంకోచోట ఆరు లక్షల యూనిట్ల సూది వేయించుకునేవాళ్లకు రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, మూత్రపిండాల దెబ్బ దాకా రావచ్చు. ఆరోగ్యంగా ఉన్న పెద్దలందరికీ ఊరికే డి పరీక్ష చేయనక్కర్లేదని అమెరికాలోని హార్మోన్ల నిపుణుల సంఘం ఎండోక్రైన్ సొసైటీ 2024లో చెప్పింది. 30 ఉంటేనే చాలినంత అన్న తన పాత గీతను కూడా వదిలేసింది. ల్యాబు కాగితాల మీద ఆ గీత ఇంకా అలాగే ఉంది.

నల్లగొండలో అడగాల్సిన ప్రశ్న

ఈ జిల్లాలో కీళ్లు, నడుము పట్టేయడానికి వేరే చరిత్ర ఉంది. మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు గ్రానైట్ రాళ్లలోంచి బోరునీళ్లలోకి దిగే ఫ్లోరైడ్, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దును దాటి తరాల తరబడి ఒంట్లోకి వెళ్లింది. ఇంట్లోనే పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధనా సంస్థ నీరీ 1970లలో ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు పెట్టిందంటే సమస్య ఎంత ముదిరిందో ఊహించుకోవచ్చు. ఫ్లోరైడ్ ఎముక ఖనిజంలోకి దూరి కూర్చుంటుంది. ఎముక గట్టిపడి పెళుసవుతుంది, కీళ్ల చుట్టూ ఉండే నారల్లో సున్నం పేరుకుంటుంది. వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి.

డి కథ ఇక్కడ మళ్లీ కలుస్తుంది. నల్లగొండ పల్లెల్లో మోకాళ్లు లోపలికి ఒరిగిపోయి ఒకదానికొకటి తగిలే పిల్లల గురించి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లో లాన్సెట్‌లో రాశారు. నీళ్లలో ఫ్లోరైడ్‌తో పాటు జొన్న ఎక్కువగా ఉండే తిండిని కూడా వాళ్లు లెక్కలోకి తీసుకున్నారు. ఒకే నీళ్లు తాగినా కాల్షియం తక్కువగా తినే ఇంట్లో దెబ్బ ఎక్కువ. పాలు, పెరుగు, ఎండ సరిగా అందిన ఇంట్లో తక్కువ. ఒకే బోరు నీళ్లు తాగిన అన్నదమ్ముల్లో ఒకరు వంగిపోయి ఇంకొకరు బాగానే ఉండటానికి కొల్లాజెన్, వీడీఆర్ జన్యువుల్లో తేడాలు కారణమా అని చైనాలో పరిశోధనలు జరిగాయి. ఇక్కడి జనం మీద ఆ పని పెద్ద ఎత్తున జరగాల్సి ఉంది. యూరప్ వాళ్ల జన్యు లెక్కలను తెచ్చి మర్రిగూడ మనిషికి అతికించడం కంటే అది ఎక్కువ ఉపయోగం.

మిషన్ భగీరథ ద్వారా కృష్ణా నీళ్లు వచ్చాక కొత్తగా తాగే నీళ్ల బాధ చాలావరకు తీరింది. ఎముకలో ఇప్పటికే దిగిన ఫ్లోరైడ్ మాత్రం ఏళ్ల మీద గానీ పోదు. బోరునీళ్లు తాగి పెరిగి ఇప్పుడు యాభై దాటినవాళ్లు ఇంకా చాలాకాలం నడుము నొప్పి, మెడ నొప్పి అంటూ ఆస్పత్రులకు వస్తూనే ఉంటారు. వాళ్ల డి రిపోర్టూ తక్కువే చూపిస్తుంది. డి, కాల్షియం ఇవ్వడం వల్ల వాళ్ల ఎముకలకు కొంత మేలే, కానీ సున్నం పేరుకున్న నారలు దాంతో మెత్తబడవు.

తేడా పట్టడానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. ఫ్లోరైడ్‌తో వచ్చే జబ్బు ఫ్లోరోసిస్ మీద చేసే సర్వేల్లో ఊరి అరుగు మీదే చేయించే మూడు పనులున్నాయి: మోకాళ్లు వంచకుండా వంగి కాలివేళ్లు అందుకోవడం, గడ్డాన్ని ఛాతీకి ఆనించడం, రెండు చేతులూ తల వెనక్కి తీసుకెళ్లడం. మూడింటిలో ఏ ఒక్కటి చేయలేకపోయినా మోకాలితో పాటు ముంజేతికి కూడా ఒక ఎక్స్‌రే తీయించాలి. ముంజేతి రెండు ఎముకల మధ్య పొరలో తెల్లగా సున్నపు గీత కనిపిస్తే జవాబు డి రిపోర్టులో లేదు, జన్యుపరీక్షలో అంతకంటే లేదు, ఆ మనిషి పదేళ్ల వయసులో ఏ బోరు నీళ్లు తాగాడో అక్కడుంది.